మైసూరు నీటి ధారలకు రూపమిచ్చిన దివాను
బృందావనాన్ని తీర్చిదిద్దిన సర్ మీర్జా ఇస్మాయిల్ జీవితం

హిందూపురం: రాయలసీమలో పాఠశాల విహారయాత్ర అనగానే మొదట వినిపించే పేరు మైసూరు. ఉదయం చాముండి కొండ, మధ్యాహ్నం రాజప్రాసాదం, జంతు ప్రదర్శనశాల, పొద్దు వాలే వేళకు కృష్ణరాజసాగరం కింద ఉన్న బృందావనం. ఈ వరుస కొన్ని తరాలుగా మారలేదు. చీకటి పడి రంగు దీపాలు వెలిగిన క్షణాన ఫౌంటెన్ల నుంచి ఎగసే నీటిని చూసి కేరింతలు కొట్టిన బాలలే, పెద్దవారై తమ పిల్లలను వెంటబెట్టుకొని మళ్లీ అక్కడికే వెళుతున్నారు. తెలుగు చలనచిత్రాల్లో నాయికా నాయకులు ఆ మెట్ల మీద, ఆ నీటి కాలువల పక్కన ఎన్ని పాటలకు ఆడిపాడారో లెక్కలేదు. ఆనకట్ట పేరు చెప్పగానే మోక్షగుండం విశ్వేశ్వరయ్య అందరికీ గుర్తుకు వస్తారు. ఆనకట్ట పాదాల చెంత నీటికి నాట్యం నేర్పిన పాలకుని పేరు మాత్రం ఈ ప్రాంతంలో కొద్దిమందికే తెలుసు. ఆయన సర్ మీర్జా మహమ్మద్ ఇస్మాయిల్. 1926 నుంచి 1941 వరకు మైసూరు సంస్థానానికి దివానుగా, ఆ తరువాత జయపూరుకు, చివరకు నిజాం పాలనలోని హైదరాబాదుకు ప్రధానమంత్రిగా పనిచేశారు.

షిరాజ్ నుంచి బెంగళూరుకు

మీర్జా పూర్వీకులది పర్షియా దేశం. తాత అలీ అస్కర్ 19వ శతాబ్ది తొలి పాదంలో షిరాజ్ నగరం విడిచి, గుర్రాల వ్యాపారిగా బెంగళూరుకు చేరారు. మైసూరు రాజులకు, బ్రిటిషు దండుకు మేలుజాతి గుర్రాలను విక్రయించి ధనం గడించారు. దండు ప్రాంతంలో పెద్ద పెద్ద భవంతులు కట్టించారు. ఆయన పేరిట బెంగళూరులో నేటికీ ఒక రోడ్డు ఉంది. షిరాజ్ అంటే తోటలకు, గులాబీలకు, కవులకు పెట్టింది పేరు. మనుమడికి తోటల మీద, పారే నీటి మీద కలిగిన మక్కువకు మూలం అక్కడే ఉందని భావిస్తే తప్పేమీ లేదు.

1883లో బెంగళూరులో మీర్జా జన్మించారు. బాల్యంలోనే ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన అవకాశం ఒకటి లభించింది. తండ్రి మరణంతో 1895లో పసితనంలోనే సింహాసనం అధిష్ఠించిన నాల్గవ కృష్ణరాజ ఒడయరుకు చదువు చెప్పేందుకు స్టువర్ట్ ఫ్రేజర్ అనే ఆంగ్లేయ అధికారిని నియమించారు. రాజు ఒంటరిగా చదవరాదని, ఈడు పిల్లలను కొందరిని ఎంపిక చేసి సహాధ్యాయులుగా చేర్చారు. వారిలో మీర్జా ఒకరు. రాజుకు, ఆయనకు వయసులో ఏడాది వ్యత్యాసం కూడా లేదు. ఒకే గదిలో పాఠాలు, ఒకే మైదానంలో ఆటలు, గుర్రపు స్వారీ. అప్పుడు కుదిరిన స్నేహం నాలుగు దశాబ్దాలకు పైగా చెక్కుచెదరలేదు. ఒకరు సనాతన ఆచారపరుడైన హిందూ ప్రభువు, మరొకరు షియా ముస్లిం. వారి నడుమ మతం ఏనాడూ అడ్డుగోడ కాలేదు.

బెంగళూరు సెంట్రల్ కళాశాలలో పట్టం పుచ్చుకున్న అనంతరం 1905లో మీర్జా సంస్థాన కొలువులో ప్రవేశించారు. తొలుత పోలీసు శాఖ, తరువాత మహారాజా కార్యాలయం. మెట్టు మెట్టుగా ఎదిగి 1922లో మహారాజుకు ఆంతరంగిక కార్యదర్శి అయ్యారు. 1926లో దివాను పదవి వరించింది. అప్పటికి ఆయన వయసు 43 సంవత్సరాలు నిండలేదు.

ఆనకట్ట కింద తోట

విశ్వేశ్వరయ్య 1911లో మొదలుపెట్టించిన కృష్ణరాజసాగరం పనులు మీర్జా దివాను అయ్యేనాటికి ముగింపు దశకు చేరువవుతున్నాయి. సిమెంటుకు బదులు సున్నం, ఇటుక పొడి కలిపిన సుర్కీతో కట్టిన ఆ గోడ కావేరికి అడ్డంగా రెండున్నర కిలోమీటర్లకు పైగా సాగుతుంది. అదే చోట ఆనకట్ట కట్టాలని టిప్పు సుల్తాను సంకల్పించినట్లు తెలిపే 1794 నాటి పర్షియన్ శాసనం పనుల సమయంలో బయటపడింది. పూర్వీకుల భాషలో ఉన్న ఆ శిలను చూసినప్పుడు మీర్జాకు ఏమనిపించిందో ఊహించుకోవలసిందే.

ఇంత పెద్ద ఆనకట్ట కట్టిన తరువాత దాని కింద మిగిలేది ఏమిటి? రాళ్ల గుట్టలు, మట్టి దిబ్బలు, కూలీల గుడిసెల ఆనవాళ్లు. దేశంలో ఏ ప్రాజెక్టు వద్దనైనా నేటికీ కనిపించే దృశ్యం ఇదే. మీర్జా ఆ నేలను అలా వదిలిపెట్టలేదు. కాశ్మీరులో 17వ శతాబ్దిలో జహంగీరు చక్రవర్తి వేయించిన షాలిమార్ తోట ఆయన మదిలో నాటుకుపోయింది. కొండ నుంచి దిగే నీటిని మెట్లు మెట్లుగా కిందికి దించి, ప్రతి మెట్టు మీద కాలువగా, జలపాతంగా, ఫౌంటెన్‌గా మార్చడం మొగలుల పద్ధతి. కాశ్మీరులో కొండ చేసే పనిని మైసూరులో ఆనకట్ట చేయగలదని ఆయన గ్రహించారు.

1927లో పని మొదలైంది. సుమారు 60 ఎకరాల విస్తీర్ణంలో తోట రూపుదిద్దుకొని 1932 నాటికి పూర్తయింది. తొలి రోజుల్లో దీనిని మెట్ల తోటగానే వ్యవహరించేవారు, బృందావనం అన్న పేరు తరువాత స్థిరపడింది. నమూనా గీయడంలో, మొక్కల ఎంపికలో దివానుకు కుడిభుజంగా నిలిచినవారు గుస్టావ్ హెర్మన్ క్రుంబీగెల్. జర్మనీలో పుట్టి, లండన్ క్యూ ఉద్యానవనంలో పనిచేసి, బరోడా మీదుగా 1908లో మైసూరు సంస్థానానికి వచ్చిన తోటల నిపుణుడు ఆయన. బెంగళూరు వీధుల్లో ఒక రకం చెట్టు పూత ముగిసేసరికి మరో రకం పూతకు వచ్చేలా వరుసలు నాటించిన ఘనత ఈయనదే. ప్రపంచయుద్ధ కాలంలో జర్మన్ అన్న ఒకే కారణాన నిర్బంధం కూడా అనుభవించి, చివరకు 1956లో బెంగళూరు మట్టిలోనే కలిశారు.

బెంగళూరు లాల్‌బాగ్‌కు 1760లో హైదర్ అలీ అంకురార్పణ చేసినప్పుడు ఆదర్శంగా నిలిచింది మన మడకశిరకు పొరుగునే ఉన్న శిరా పట్టణంలోని మొగలు తోట. అంటే మైసూరు సీమకు మొగలుల తోట సంప్రదాయం చేరిన దారి ఈ సరిహద్దు గుండానే సాగింది. బృందావనానికి వెళ్లి మురిసేవారు శిరాను తలచుకోకపోవడం ఒక లోటే.

నీరు ఎందుకు ఎగురుతుంది?

గోడకు అవతల జలాశయం నిండినప్పుడు నీటిమట్టం 124.80 అడుగులు. గోడకు ఇవతల తోట పల్లంలో ఉంటుంది. నీటికి తన మట్టాన్ని తాను వెతుక్కునే గుణం ఉన్నది. ఎత్తున ఉన్న నీటిని గొట్టం ద్వారా పల్లానికి తెచ్చి సన్నని మూతి గుండా వదిలితే, ఆ ఒత్తిడికి అది పైకి చిమ్ముతుంది. జహంగీరు కాలంలో ఫౌంటెన్లను ఆడించింది ఈ సూత్రమే. మోటారు, యంత్రం అవసరం లేని కాలపు విద్య అది. తోట నడుమ తిన్నని కాలువ, దాని పొడవునా వరుసగా ఫౌంటెన్లు, ఇరువైపులా మెట్లు, గడ్డి తివాచీలు, కత్తిరించిన పొదలు. ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు నీరు జారేచోట రాతి పలక మీద పలుచని తెర కడుతుంది.

మొగలులకు లేనిది, మీర్జాకు ఉన్నది మరొకటి ఉంది. అదే విద్యుత్తు. కావేరి మీదనే శివనసముద్రం వద్ద 1902లో ఉత్పత్తి మొదలై కోలారు బంగారు గనులకు, 1905లో బెంగళూరు వీధి దీపాలకు వెలుగు అందింది. ఆ విద్యుత్తును అలంకారానికి వాడవచ్చునన్న ఆలోచన దివానుది. నీటి అడుగున, పొదల చాటున రంగు దీపాలు అమర్చడంతో పగటి తోట వేరు, రాత్రి తోట వేరు అయింది. విద్యుద్దీపం చాలా పల్లెలకు వింతగా ఉన్న రోజుల్లో, నీటి లోపలి నుంచి ఎరుపు, పచ్చ, నీలం వెలుగులు పైకి రావడం చూసిన రైతు కుటుంబాలు ఎంతగా అబ్బురపడి ఉంటాయో చెప్పనక్కరలేదు. అది కోటలోపలి విలాసం కాదు. రాజు, పేద తేడా లేకుండా అందరూ చూడవచ్చును. మీర్జా చేసిన పనుల్లో గొప్పది ఏదంటే ఇదే అనాలి.

వేకువనే గుర్రంపై తనిఖీలు

తెల్లవారుజామునే గుర్రమెక్కి వీధులు తిరగడం దివానుకు నిత్యకృత్యం. చెత్తకుప్ప, విరిగిన కంచె, ఎండిన మొక్క ఏది కంటపడినా ఆ పూటే సంబంధిత అధికారికి చీటీ వెళ్లేది. బాటకు ఇరువైపులా చెట్లు, కూడలిలో చిన్న తోట, దానిలో ఒక ఫౌంటెన్, అందమైన దీపస్తంభం ఉంటే తప్ప ఊరు ఊరు కాదని ఆయన నమ్మకం. 1903లోనే నగరాభివృద్ధి ట్రస్టు బోర్డు ఏర్పడిన మైసూరుకు ప్రణాళిక కొత్త కాదు. ఆ ప్రణాళికకు సొగసు అద్దినవారు మీర్జా. బెంగళూరు పురభవనం వెలసినది కూడా ఆయన హయాంలోనే.

విమర్శలు లేకపోలేదు. ప్రజలకు తిండి, ఉపాధి కావాలి గాని పూలకుండీలు, నీటి ఆటలు ఎందుకని ప్రశ్నించినవారు ఆనాడే ఉన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే దివాను లెక్కలో తోట ఒక్కటే లేదు. అదే జలాశయం నుంచి నాడు ఇర్విన్ పేరిట, నేడు విశ్వేశ్వరయ్య పేరిట పిలిచే కాలువ తవ్వించి మండ్య సీమకు నీరందించారు. ఆ నీటికి చెరకు పండింది, 1933లో మండ్యలో చక్కెర కర్మాగారం వెలసింది. భద్రావతిలో కాగితపు మిల్లు, ఉక్కు తయారీ, బెంగళూరులో పింగాణీ, విద్యుద్దీపాల కర్మాగారాలు, 1940లో వాల్‌చంద్ హీరాచంద్ చొరవకు సంస్థానం చేయూతనివ్వగా విమాన కర్మాగారం ఆ కాలపు ఫలాలే. చెరకు చేలకు వెళ్లే నీటికి, ఫౌంటెన్‌లో ఎగిరే నీటికి మూలం ఒక్కటే.

పినాకిని ఒడ్డున మచ్చ

బృందావనం చూసి మురిసిన హిందూపురం ప్రాంతానికి మీర్జా పాలనతో మరో బంధం ఉంది. అది చేదు జ్ఞాపకం.

1928లో బెంగళూరులో ఒక పాఠశాల ఆవరణలోని గణపతి విగ్రహం విషయమై అలజడి చెలరేగింది. దివాను ముస్లిం కావడంతో ఆయన నిష్పాక్షికత మీద అనుమానాలు వ్యక్తమయ్యాయి. విచారణకు విశ్వేశ్వరయ్య అధ్యక్షతన కమిటీ ఏర్పాటైంది. ఆ గండం గడిచింది. కానీ పదేళ్ల తరువాత వచ్చినది అంతకంటే పెద్దది.

1938 ఏప్రిల్‌లో మండ్య సమీపాన శివపురంలో కాంగ్రెస్ వాదులు జెండా సత్యాగ్రహం జరిపారు. సంస్థానంలో కాంగ్రెస్ పతాకం ఎగురవేయరాదన్న నిషేధాన్ని ధిక్కరించడం దాని ఉద్దేశం. ఆ స్ఫూర్తి పల్లెలకు పాకింది. ఏప్రిల్ 25న గౌరిబిదనూరు సమీపంలో, ఉత్తర పినాకిని ఒడ్డున ఉన్న విదురాశ్వత్థంలో జనం గుమిగూడారు. నాగప్రతిష్ఠలకు మన సీమ భక్తులు నేటికీ వెళ్లే క్షేత్రమే అది. అక్కడ పారిన పెన్నా నీరే దిగువన హిందూపురం సీమలో ప్రవేశిస్తుంది. నిషేధాజ్ఞలు ఉన్నా సభ జరపబోగా పోలీసులు కాల్పులు జరిపారు. నిరాయుధులు నేలకొరిగారు. మృతుల సంఖ్యపై ప్రభుత్వ లెక్కకు, ప్రజల లెక్కకు పొంతన కుదరలేదు. దక్షిణాది జలియన్‌వాలాబాగ్‌గా ఆ ఘటన దేశమంతటా మారుమోగింది.

సర్దార్ పటేల్, ఆచార్య కృపలానీ బెంగళూరుకు వచ్చి దివానుతో చర్చించారు. సంస్థాన పతాకంతో పాటు కాంగ్రెస్ పతాకాన్నీ ఎగురవేసేందుకు అంగీకారం కుదిరింది. కాల్పులపై విచారణ బాధ్యతను మద్రాసు హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి, తెలుగువారైన సర్ వేపా రామేశం కమిటీకి అప్పగించారు. ఇంత జరిగినా బాధ్యతాయుత ప్రభుత్వం అన్న కోర్కె మాత్రం నెరవేరలేదు. వాడిన మొక్క కనిపిస్తే సహించని పాలకుడు ప్రజల గొంతు విషయంలో ఆ శ్రద్ధ చూపలేదన్న ఆక్షేపణను ఆయన అభిమానులు సైతం తోసిపుచ్చలేరు. లండన్‌లో జరిగిన రౌండ్ టేబుల్ సమావేశాల్లో సంస్థానాల పక్షాన మాట్లాడి మెప్పు పొందిన దివాను, సొంత గడ్డ మీద సంభాషణకు ఆలస్యంగా దిగారు. విదురాశ్వత్థంలో అమరుల స్మారకం నేడు సందర్శకులకు అందుబాటులో ఉంది. బృందావనానికి వెళ్లే పాఠశాల బస్సులు దారిలో అక్కడ ఆగేవి తక్కువ.

మిత్రుని మరణం, మైసూరుకు వీడ్కోలు

1940 ఆగస్టు 3న కృష్ణరాజ ఒడయరు కన్నుమూశారు. బాల్యమిత్రుడు, ప్రభువు ఒకేసారి దూరమయ్యారు. సోదరుని కుమారుడు జయచామరాజ ఒడయరు రాజ్యానికి వచ్చారు. కొత్త ప్రభువుతో పాత దివానుకు పొసగలేదు. 1941లో మీర్జా రాజీనామా చేశారు. పదిహేనేళ్ల పాలన అలా ముగిసింది.

1942లో జయపూరు మహారాజా రెండవ మాన్‌సింగ్ ఆహ్వానించారు. 1727లో సవాయి జయసింగ్ గీత గీసినట్లు నిర్మించిన ఆ నగరం జనాభా పెరిగి గోడలు దాటుతున్న సమయమది. పాత గోడకు వెలుపల విశాలమైన రహదారి వేయించి, కొత్త నివాస ప్రాంతాలకు, తోటలకు స్థలం కేటాయించారు. ఆ రహదారిని ప్రజలు నేటికీ ఎంఐ రోడ్డు అని పిలుస్తారు. ఎంఐ అంటే మీర్జా ఇస్మాయిల్ అన్న సంగతి అక్కడ కొనుగోళ్లకు వెళ్లే పర్యాటకులకు తెలియదు. విదురాశ్వత్థం నేర్పిన పాఠమో ఏమో, అక్కడి ప్రజామండలి నాయకుడు హీరాలాల్ శాస్త్రితో 1942లో సామరస్యంగా ఒక అవగాహనకు వచ్చి ఘర్షణను నివారించారు. 1945లో అఖిల భారత రచయితల సమ్మేళనం జయపూరులో జరిగింది. ఆంగ్ల నవలాకారుడు ఇ.ఎం.ఫోర్‌స్టర్ దానికి హాజరయ్యారు.

హైదరాబాదులో తొమ్మిది నెలలు

1946 ఆగస్టులో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కొలువులో ప్రధానమంత్రిగా అడుగుపెట్టారు. పదవీకాలం తొమ్మిది నెలలే. బ్రిటిషువారు వెళ్లిపోవడం ఖాయమైన వేళ అది. హైదరాబాదు చుట్టూ ఉన్న భూమి అంతా భారతదేశమే అయినప్పుడు, దానితో సయోధ్య తప్ప మార్గం లేదన్నది మీర్జా అభిప్రాయం. స్వతంత్ర రాజ్యమనే కల కంటున్న ఇత్తెహాదుల్ ముస్లిమీన్ వర్గానికి ఆయన కంటగింపు అయ్యారు. ముస్లిం లీగు అధినేత జిన్నాకు ఆ నియామకం మొదటి నుంచీ రుచించలేదు. నిజాం ఎటూ తేల్చలేదు. ఉద్యానవనాల నిపుణుని చేతికి తోట పని చేసే తీరిక ఇక్కడ దక్కలేదు. 1947 మే నెలలో పదవి వదిలి బెంగళూరుకు తిరిగి వచ్చారు. ఆయన సలహా పెడచెవిన పెట్టిన సంస్థానం గతి 1948 సెప్టెంబరు పోలీసు చర్యతో తేలిపోయింది. రజాకార్ల కాలంలో తెలంగాణ పల్లెలు చెల్లించిన మూల్యం తలచుకుంటే, ఆ తొమ్మిది నెలలు చేజారిన అవకాశంగానే కనిపిస్తాయి.

1954లో ఆంగ్లంలో తన ప్రజా జీవితాన్ని గ్రంథస్థం చేశారు. 1959 జనవరి 5న బెంగళూరులో తుదిశ్వాస విడిచారు.

నేటి బృందావనం

మీర్జా నాటి మెట్లు, కాలువలు, ఫౌంటెన్ల వరుసలు నేటికీ దక్షిణ భాగంలో కనిపిస్తాయి. నడుమ బోటు షికారు చేసే కొలను, దానికి ఆవల ఉత్తర భాగంలో సంగీతానికి అనుగుణంగా కదిలే మ్యూజికల్ ఫౌంటెన్ తరువాతి కాలపు చేర్పులు. సందర్శకుల్లో అధికభాగం నేరుగా మ్యూజికల్ ఫౌంటెన్ వైపే పరుగు తీస్తారు. పాత వరుసల పక్కన నిదానంగా నడిస్తే మాత్రం నీటి చప్పుడు వినిపిస్తుంది, అది పాటల హోరులో దొరకదు.

కావేరి జలాల వివాదం రగిలినప్పుడల్లా ఆ సెగ తోటకు తగులుతోంది. 2016 సెప్టెంబరు ఆందోళనల సమయంలో సందర్శకుల ప్రవేశాన్ని నిలిపివేశారు. తోటను భారీ వినోద ఉద్యానంగా మార్చాలన్న కర్ణాటక ప్రభుత్వ ఆలోచనను ఆనకట్ట భద్రత దృష్ట్యా మండ్య రైతు సంఘాలు వ్యతిరేకిస్తూ వచ్చాయి. హిందూపురం, మడకశిర, కదిరి నుంచి బయలుదేరేవారు మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల లోపు తోటకు చేరుకుంటే పగటి వెలుగులో మెట్ల తోటను, చీకటి పడ్డాక దీపాల సొగసును రెండింటినీ చూడవచ్చు. సెలవు దినాల్లో రద్దీ అధికం. వానలు కురిసి జలాశయం నిండిన తరువాత వెళ్తే గోడ అవతల కావేరి, గోడ ఇవతల ఫౌంటెన్లు ఒకేచోట నిండుగా కనిపిస్తాయి.